అమర్చుకున్న పీసీలో మాక్‌ఓఎస్: ఆగిన ప్రతిచోటా బూట్ లాగ్ చదువుతూ వెళ్లిన నా అనుభవం

విడిభాగాలు కొని సొంతంగా అమర్చుకున్న పీసీలో మాక్‌ఓఎస్ ఎక్కించాలనుకునేవారికి అసలు కష్టం ఇన్‌స్టలేషన్‌లో ఉండదు. ఇన్‌స్టాలర్ తెర కనిపించే వరకు మిషన్‌ను నడిపించుకు రావడంలో ఉంటుంది. నల్లటి తెర మీద బూట్ లాగ్, అంటే మిషన్ లేచేటప్పుడు చేసే పనుల చిట్టా, తెల్లటి అక్షరాలతో వేగంగా పరుగెత్తి ఎక్కడో ఒకచోట నిలిచిపోతుంది. ఆ నిలిచిన వాక్యాన్ని ఉన్నదున్నట్టు పట్టుకుని వెతికితే ఒకదానితో ఒకటి పొసగని సలహాలు కుప్పలుగా దొరుకుతాయి. నా పీసీలో మాక్‌ఓఎస్ సోనోమా ఎక్కించేటప్పుడు ఇలాంటి ఆటంకాలు వరుసగా వచ్చాయి. ఆ వాక్యం ఏం తప్పు జరిగిందో చెప్పదని, ఆ క్షణానికి మిషన్ ఎవరి అధీనంలో ఉందో, ఏ పని పూర్తయిందో మాత్రమే చెబుతుందని గ్రహించాక, దాని తర్వాత రావలసిన పని ఏమిటని వెతకడం మొదలుపెట్టాను. చిక్కులన్నీ ఆ దారిలోనే విడిపోయాయి కాబట్టి ఎక్కడెక్కడ ఆగిందో, ఎలా కదిలిందో వివరంగా రాస్తున్నాను.

నాకు మాక్‌ఓఎస్ అవసరం తెలుగు అక్షరాల వల్ల వచ్చింది. నేను తెలుగు ఫాంట్ల మీద పనిచేస్తాను. విండోస్‌లో ఒత్తులు, గుణింతాలు చక్కగా కూర్చున్న ఫాంటు, మాక్‌ఓఎస్‌లో అక్షరాలను పేర్చే యాపిల్ వారి కోర్‌టెక్స్ట్‌లోనూ అలాగే కూర్చుంటుందన్న భరోసా లేదు. కోహినూర్ తెలుగు, తెలుగు సంగమ్ ఎంఎన్ లాంటి ఫాంట్ల పక్కన పెట్టి, అదే వ్యవస్థలో కళ్లారా చూడవలసిందే. పైగా గ్లిఫ్స్ అనే ఫాంటు ఎడిటర్ మాక్‌లో తప్ప నడవదు.

మిషన్‌లో ఇంటెల్ కోర్ ఐ7-9700 ప్రాసెసర్, జడ్390 చిప్‌సెట్ ఉన్న మదర్‌బోర్డు, 32 జీబీ ర్యామ్, మాక్‌ఓఎస్‌కు కేటాయించిన 1 టీబీ ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీ ఉన్నాయి. గ్రాఫిక్స్ కార్డు మాత్రం ఈ పని కోసమే సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో కొన్నాను. అది ఏఎండీ రేడియాన్ ఆర్‌ఎక్స్ 6600. కార్డు ఎంపికలో ఆచితూచి వ్యవహరించడం తప్పనిసరి. ఎన్విడియా కార్డులకు వెబ్ డ్రైవర్లు 2017 నాటి మాక్‌ఓఎస్ వెర్షన్ హై సియెర్రాతోనే ఆగిపోయాయి. ఏఎండీలోనూ అన్నీ పనికిరావు. ఆర్‌ఎక్స్ 6600కు మాంటెరే 12.1 నుంచి యాపిల్ డ్రైవరు ఉంది, అంతకంటే పై మెట్టులో ఉన్న 6700 ఎక్స్‌టీకి లేదు. ప్రాసెసర్ విషయంలో ఒక సౌలభ్యం కలిగింది. 2019లో వచ్చిన ఐమాక్‌లో ఇదే తరం ఇంటెల్ ప్రాసెసర్లు ఉన్నాయి కనుక ఐమాక్19,1 అనే గుర్తింపుతో మిషన్‌ను మాక్‌ఓఎస్‌కు పరిచయం చేయవచ్చు. ఆ ఐమాక్‌లో టీ2 భద్రతా చిప్ లేదు. టీ2 ఉన్న మోడళ్ల గుర్తింపు తీసుకుంటే తర్వాత సిస్టమ్ అప్‌డేట్లు అందుకోవడానికి అదనపు ఏర్పాట్లు చేయవలసి వస్తుంది.

ఇంకో మాట ముందే చెప్పడం న్యాయం. మాక్‌ఓఎస్ లైసెన్సు ఒప్పందం ప్రకారం దాన్ని యాపిల్ బ్రాండు కంప్యూటర్లలోనే వాడాలి. మాక్‌ఓఎస్ ఎక్కించిన పీసీలను అమ్మిన సైస్టార్ అనే అమెరికన్ కంపెనీ మీద యాపిల్ 2008లో దావా వేసింది. 2009లో కింది కోర్టులోనూ, 2011లో అప్పీలు కోర్టులోనూ యాపిలే గెలిచింది. ఈ ఒప్పందం సంగతి తెలిసి ఎవరికి వారు నిర్ణయించుకోవాలి. ఇలా తయారైన మిషన్‌ను ఎవరికైనా అమ్మడం, డబ్బు తీసుకుని చేసిపెట్టడం మాత్రం కూడదని నా దృఢమైన అభిప్రాయం.

ఇక బూట్ సంగతి. పవర్ బటన్ నొక్కిన దగ్గర నుంచి లాగిన్ తెర వరకు మిషన్ కొన్ని చేతులు మారుతుంది. మొదట మదర్‌బోర్డులోనే ఉండే ఫర్మ్‌వేర్ (బయోస్), తర్వాత మామూలు పీసీని మాక్‌లా చూపించే ఓపెన్‌కోర్ బూట్‌లోడర్, దాని నుంచి యాపిల్ సొంత బూట్‌లోడర్ అయిన బూట్.ఈఎఫ్ఐ, ఆపైన ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి కెర్నెల్, కెర్నెల్ లేపే డ్రైవర్లు, చివరగా తెరను గీసే విండోసర్వర్. ఓపెన్‌కోర్ దశలోనూ, బూట్.ఈఎఫ్ఐ దశలోనూ పనులు ఒకదాని వెనుక ఒకటి జరుగుతాయి కాబట్టి అక్కడ ఆఖరి వాక్యాన్ని నమ్మవచ్చు. డ్రైవర్ల దశలో అలా కాదు. ఎన్నో డ్రైవర్లు ఒకేసారి లేస్తుంటాయి; ఆఖరున కనిపించే వాక్యం ఆగిపోయిన డ్రైవరుది కాకపోవచ్చు, దాని పక్కన సజావుగా పని ముగించుకున్న మరొక డ్రైవరుది కావచ్చు. ఈ తేడా తెలియకపోతే బ్లూటూత్ పేరు కనిపించిందని బ్లూటూత్ వెంట, ఆడియో పేరు కనిపించిందని ఆడియో వెంట పడి కాలం వృథా చేసుకుంటాం.

అందుకే పెన్‌డ్రైవ్ తయారు చేసేటప్పుడే లాగ్ దొరికే ఏర్పాట్లన్నీ చేసుకున్నాను. ఓపెన్‌కోర్‌తో పాటు వచ్చే మాక్‌రికవరీ అనే పైథాన్ స్క్రిప్టుతో విండోస్ నుంచే యాపిల్ సర్వర్లలోని రికవరీ ఇమేజ్ దించుకోవచ్చు. దాన్ని ఫ్యాట్32గా ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్‌లో కామ్.యాపిల్.రికవరీ.బూట్ అనే ఫోల్డర్‌లో ఉంచి, పక్కనే ఓపెన్‌కోర్ ఫైళ్లన్నీ ఉండే ఈఎఫ్ఐ ఫోల్డర్ పెట్టాలి. ఓపెన్‌కోర్‌ను మామూలు వాడకానికి ఉద్దేశించిన రిలీజ్ రూపంలో కాక, వివరమైన లాగ్ ఇచ్చే డీబగ్ రూపంలో తీసుకున్నాను. ఓపెన్‌కోర్ సెట్టింగుల ఫైలు అయిన కాన్ఫిగ్.ప్లిస్ట్‌లో డీబగ్ విభాగం కింద టార్గెట్ విలువను 67గా ఉంచితే, తెర మీద కనిపించే సందేశాలతో పాటు ప్రతి బూట్‌కూ ఒక లాగ్ ఫైలు పెన్‌డ్రైవ్‌లోనే రాసి పెడుతుంది. బూట్.ఈఎఫ్ఐ సందేశాలను, కెర్నెల్ కూలిన వివరాలను ఫైళ్లలో దాచే యాపిల్‌డీబగ్, యాపిల్‌ప్యానిక్ అనే రెండింటినీ ఆన్ చేశాను. బూట్ ఆర్గ్యుమెంట్లలో మైనస్ వీ రాస్తే యాపిల్ గుర్తు బదులు అక్షరాలు కనిపిస్తాయి; డీబగ్=0ఎక్స్100 రాస్తే కెర్నెల్ ప్యానిక్ అయినప్పుడు (కోలుకోలేని తప్పు ఎదురై కూలినప్పుడు) మిషన్ తనంతట తాను రీస్టార్ట్ కాకుండా ఆ సందేశం మీదే నిలబడుతుంది; కీప్‌సిమ్స్=1 రాస్తే ఆ సందేశంలో అంకెల చిరునామాల బదులు ఫంక్షన్ల పేర్లు వస్తాయి. కెర్నెల్ దశలో అక్షరాలు కంటికి అందనంత వేగంగా పోతాయి కాబట్టి ఫోనును స్టాండు మీద పెట్టి స్లోమోషన్ వీడియో తీయడం అలవాటు చేసుకున్నాను. తర్వాత ఆ వీడియోను ఫ్రేము ఫ్రేముగా చూస్తే ఆఖరి వాక్యానికి ముందు గడిచినదంతా చదవవచ్చు.

బయోస్‌లో చేయవలసినవి చేశాను. సీఎస్ఎం (పాత తరహా బూట్ పద్ధతి), ఫాస్ట్ బూట్, సెక్యూర్ బూట్, సీరియల్ పోర్టు ఆఫ్. ఎబవ్ 4జీ డీకోడింగ్, ఎక్స్‌హెచ్‌సీఐ హ్యాండాఫ్ ఆన్. సాటా మోడ్ ఏహెచ్‌సీఐ. వీటిలో సీఎస్ఎం, ఎబవ్ 4జీ డీకోడింగ్ అనే రెండూ సరిగ్గా ఉన్నాయో లేదో మళ్లీ ఒకసారి చూసుకోవడం ఎప్పటికీ మంచిదే, ఎందుకంటే కొన్ని బోర్డులలో ఒక సెట్టింగు మార్చితే మరొకటి దానంతట అదే మారుతుంది.

మొదటి ఆటంకం చిన్నది. ఓపెన్‌కోర్ మెనూ వచ్చింది, అందులో విండోస్ కనిపించింది, మాక్ రికవరీ కనిపించలేదు. ఇక్కడ మిషన్ ఇంకా ఓపెన్‌కోర్ చేతిలోనే ఉంది, కెర్నెల్ జోలికి పోలేదు. కాబట్టి కెక్స్ట్‌లు (మాక్‌ఓఎస్ కెర్నెల్‌కు చేర్చే డ్రైవర్లు), ఏసీపీఐ ఫైళ్లు (బోర్డులోని పరికరాల వివరాలు చెప్పేవి) ఏవీ ముట్టుకోనవసరం లేదు. రికవరీ ఇమేజ్ లోపలి ఫైల్‌సిస్టమ్ హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్. దాన్ని చదివే హెచ్‌ఎఫ్‌ఎస్‌ప్లస్.ఈఎఫ్ఐ అనే డ్రైవరు ఫోల్డర్‌లో ఉండాలి, కాన్ఫిగ్.ప్లిస్ట్‌లోని డ్రైవర్ల జాబితాలోనూ నమోదై ఉండాలి. ప్రాపర్‌ట్రీ అనే ఎడిటర్‌లో ఓసీ స్నాప్‌షాట్ అనే ఆదేశం ఫోల్డర్‌లో ఉన్నవాటిని చూసి జాబితాను సరిచేస్తుంది. అది చేశాక రికవరీ కనిపించింది.

రెండో ఆటంకం దగ్గర చాలామంది విసిగి ఈ ప్రయత్నాన్నే వదిలేస్తారు. రికవరీ ఎంచుకోగానే కొన్ని వాక్యాలు వచ్చి, ఈబీ లాగ్ అనే ముక్కతో మొదలై ఎగ్జిట్‌బీఎస్ స్టార్ట్ అని ముగిసే వాక్యం దగ్గర తెర కదలకుండా ఉండిపోయింది. ప్యానిక్ లేదు, రీస్టార్ట్ లేదు. ఎగ్జిట్‌బీఎస్ అంటే ఎగ్జిట్ బూట్ సర్వీసెస్. అంటే ఫర్మ్‌వేర్ తన సేవలు ముగించుకుని, మెమరీలో ఏ భాగం ఎవరిదో తెలిపే పటాన్ని అప్పగించి, పక్కకు తప్పుకునే క్షణం. బూట్.ఈఎఫ్ఐ ఆ పటాన్ని తీసుకుని కెర్నెల్‌ను మెమరీలో తగిన చోట నిలబెట్టి దానికి అధికారం ఇస్తుంది. తెర మీద ఏమీ రాకపోవడానికి కారణం కూడా ఇదే: ఫర్మ్‌వేర్ రాయడం మానేసింది, కెర్నెల్ ఇంకా రాయడం మొదలుపెట్టలేదు. ఈ సంధికాలంలో ఏది తేడా వచ్చినా తెర ఒకేలా కనిపిస్తుంది కాబట్టి తెర చూసి కారణం కనిపెట్టడం అసాధ్యం.

పెన్‌డ్రైవ్‌ను ల్యాప్‌టాప్‌కు పెట్టి లాగ్ ఫైలు తెరిచాను. అందులో ఓసీఏబీసీ అనే ముక్కతో మొదలయ్యే ఒక వాక్యం మ్యాట్ సపోర్ట్ 1 అని చెప్పింది. మ్యాట్ అంటే మెమరీ ఆట్రిబ్యూట్స్ టేబుల్. కొత్త ఫర్మ్‌వేర్‌లు మెమరీలోని ఏ భాగంలో రాయవచ్చు, ఏ భాగంలో రాయకూడదు అన్న వివరాలను అందులో ఉంచుతాయి. పాత బోర్డుల కోసం ఓపెన్‌కోర్‌లో ఎనేబుల్‌రైట్‌అన్‌ప్రొటెక్టర్ అనే ఏర్పాటు ఉంది. అది రాత రక్షణనే మొత్తంగా ఎత్తేస్తుంది. మ్యాట్ ఉన్న బోర్డులో అది పనికిరాదు. దాని బదులు రీబిల్డ్‌యాపిల్‌మెమరీమ్యాప్, సింక్‌రన్‌టైమ్‌పర్మిషన్స్ అనే రెండింటినీ కలిపి ఆన్ చేయాలి. మొదటిది మెమరీ పటాన్ని మాక్‌ఓఎస్ ఇముడ్చుకోగల పరిమాణానికి, రూపానికి తెస్తుంది. రెండోది అనుమతులను సరిచేస్తుంది. జడ్390 బోర్డులకు వీటితో పాటు డీవర్చువలైజ్‌ఎంఎంఐఓ, ప్రొటెక్ట్‌యూఈఎఫ్‌ఐసర్వీసెస్ అనేవి కూడా కావాలి. ఎంఎంఐఓ భాగాలు, అంటే పరికరాల కోసం కేటాయించిన చిరునామాలు, మెమరీలో ఎక్కువ చోటు ఆక్రమిస్తే కెర్నెల్ నిలబడటానికి ఎడం లేని జాగా దొరకదు. వాటిని తొలగిస్తే దొరుకుతుంది.

వీటిని ఒకేసారి కాక ఒక్కొక్కటిగా మార్చి, ప్రతి మార్పు తర్వాత లాగ్‌ను పక్కపక్కన పెట్టి చూశాను. ఇలా చేయడానికి ఓపిక కావాలి గానీ, ఎవరో ఇచ్చిన ఈఎఫ్ఐ ఫోల్డర్‌ను మొత్తంగా తెచ్చి పెట్టుకోవడం కన్నా ఇదే మేలని నమ్ముతాను. అరువు తెచ్చిన ఫోల్డర్ ఈ రోజు నడిచినా, రేపు ఒక అప్‌డేట్‌తో ఆగినప్పుడు అందులో ఏది ఎందుకుందో మనకు తెలియదు.

మెమరీ పటం సరయ్యాక తెరలో మార్పు వచ్చింది. కెర్నెల్ మొదలైంది, కానీ వెంటనే ప్యానిక్ అయింది. దీన్ని పురోగతి అనే అనాలి. చేయి మారింది కదా. ఈ దశలో మొట్టమొదట అనుమానించవలసింది సీఎఫ్‌జీ లాక్. ప్రాసెసర్ సెట్టింగులు ఉండే ఎంఎస్ఆర్ రిజిస్టర్లలో ఈ2 సంఖ్య గలదాన్ని ఫర్మ్‌వేర్ తాళం వేసి ఉంచుతుంది. మాక్‌ఓఎస్ విద్యుత్ నిర్వహణ విభాగం అందులో రాయబోతుంది, రాయలేక కెర్నెల్ కూలిపోతుంది. బయోస్‌లో ఆ తాళం తీసే సదుపాయం ఉంటే అదే ఉత్తమం. లేకపోతే యాపిల్‌ఎక్స్‌సీపీఎంసీఎఫ్‌జీలాక్ అనే ఏర్పాటు కెర్నెల్‌కు మరమ్మతు చేసి ఆ రాతనే తప్పిస్తుంది. నా బోర్డు మెనూలో ఆ సదుపాయం కనబడలేదు కనుక రెండో దారి పట్టాను. ఇలాంటిదే వీటీ-డీ (వర్చువల్ మిషన్లకు పరికరాలను నేరుగా అప్పగించే ఇంటెల్ సదుపాయం), బయోస్‌లో దాన్ని ఆఫ్ చేయాలి, లేదా డిసేబుల్‌ఐఓమ్యాపర్ ఆన్ చేయాలి. విండోస్‌లో వర్చువల్ మిషన్ల కోసం నాకు వీటీ-డీ అవసరం ఉంది కాబట్టి డిసేబుల్‌ఐఓమ్యాపర్‌నే ఎంచుకున్నాను.

ఆ తర్వాత అక్షరాలు చాలాసేపు పరుగెత్తి, పీసీఐ కాన్ఫిగరేషన్ బిగిన్ అనే వాక్యం దాటి, ఆర్‌టీసీ (బోర్డులోని గడియారం) గురించిన ఒక వాక్యం దగ్గర ఆగాయి. నేను ముందు చెప్పిన, ఆఖరి వాక్యాన్ని నమ్మకూడని దశ ఇదే. ఈ ప్రాంతంలో ఆగడానికి కనీసం నాలుగైదు కారణాలు ఉండవచ్చు: గ్రాఫిక్స్ కార్డుకు పెద్ద మెమరీ చిరునామాలు ఇవ్వలేకపోవడం, ఎంబెడెడ్ కంట్రోలర్ (బోర్డులోని చిన్న సహాయక చిప్) దొరకకపోవడం, పవర్ ఆపినా నిలిచే ఎన్‌విర్యామ్ మెమరీలో రాయలేకపోవడం, గడియారం దొరకకపోవడం, ఎస్ఎస్‌డీ మొరాయించడం. వీటిని పైపై ఊహలతో కాక, మదర్‌బోర్డు తన గురించి తాను ఏం చెప్పుకుంటోందో చూసి తేల్చుకోవాలి. ఆ వివరమంతా డీఎస్‌డీటీ అనే ఏసీపీఐ పట్టికలో ఉంటుంది. ఎస్ఎస్‌డీటీటైమ్ అనే పనిముట్టు విండోస్‌లోనే ఆ పట్టికను బయటికి తీస్తుంది.

పట్టికను చదవగలిగే రూపంలోకి మార్చి ఆర్‌టీసీ కోసం వెతికాను. రెండు గడియారాలు కనిపించాయి. ఒకటి పాత ఆర్‌టీసీ. రెండోది 300 సిరీస్ చిప్‌సెట్ల కాలంలో వచ్చిన ఏవాక్. ఏది పనిచేయాలో స్టాస్ అనే ఒక చరరాశి తేలుస్తుంది. దాని విలువ సున్నా అయితే ఏవాక్ మేల్కొంటుంది, ఒకటి అయితే పాత ఆర్‌టీసీ మేల్కొంటుంది. విండోస్‌కు ఏవాక్‌తో ఇబ్బంది లేదు. మాక్‌ఓఎస్‌కు ఏవాక్ అంటే ఏమిటో తెలియదు, దానికి ఆర్‌టీసీ కావాలి. ఫర్మ్‌వేర్ ఏవాక్‌ను ముందుకు తెచ్చి ఆర్‌టీసీని దాచిపెట్టినంత కాలం కెర్నెల్ గడియారం కోసం ఎదురుచూస్తూనే ఉంటుంది. డీఎస్‌డీటీకి అనుబంధంగా చేర్చే పట్టికలను ఎస్ఎస్‌డీటీలు అంటారు. వాటిలో ఎస్ఎస్‌డీటీ ఏవాక్ అనే చిన్న ఫైలు చేసేదల్లా, నడుస్తున్నది డార్విన్ (మాక్‌ఓఎస్) కెర్నెల్ అని తెలిసినప్పుడు స్టాస్ విలువను ఒకటిగా మార్చడం. విండోస్‌కు ఈ మార్పు వర్తించదు. కొన్ని పంక్తుల ఈ ఫైలు ఇంత పెద్ద మిషన్‌ను కదిలిస్తుందన్నది చూసినప్పుడు నాకు కలిగిన సంతోషం అంతా ఇంతా కాదు. కారణాన్ని పట్టికలో నా కళ్లతో చదివి, మందు వేసి, ఫలితం చూడగలిగాను.

అదే పట్టికలో మిగిలిన అనుమానాలూ తీరాయి. మాక్‌ఓఎస్ కాటలీనా నుంచి ఈసీ అనే పేరుతో ఒక ఎంబెడెడ్ కంట్రోలర్ ఉండాలని పట్టుబడుతుంది. డెస్క్‌టాప్ బోర్డులో ఉన్న అసలు కంట్రోలర్ దానికి సరిపడదు, కాబట్టి అసలైనదాన్ని మాక్‌ఓఎస్‌కు కనబడకుండా చేసి నామమాత్రపు ఈసీని చూపించే ఎస్ఎస్‌డీటీ కావాలి. జడ్390 బోర్డులకు పీఎంసీ పేరుతో ఇంకొకటి కావాలి. అది లేకపోతే ఎన్‌విర్యామ్‌లో రాసే చోట బూట్ నిలిచిపోతుంది. ప్రాసెసర్ విద్యుత్ నిర్వహణకు ప్లగ్ అనేది నాలుగోది. ఈ నాలుగూ ఎస్ఎస్‌డీటీటైమ్‌తోనే తయారయ్యాయి. కొందరు ఇవన్నీ ఆలోచన లేకుండా సిద్ధంగా దొరికేవి తెచ్చి పెట్టుకుంటారు; సిద్ధంగా దొరికేవి చాలా బోర్డులకు పనిచేసే మాట నిజమే గానీ, మన బోర్డులోని పరికరాల పేర్లు అందులోని పేర్లతో సరిపోలకపోతే ఆ ఫైలు ఉండి కూడా లేనట్టే, తెర మీద ఏ హెచ్చరికా రాదు.

తర్వాతి ఆటంకం పేరు మోసినది. వలయం మీద అడ్డగీత ఉన్న గుర్తు తెర మీద వచ్చి, వెనుక స్టిల్ వెయిటింగ్ ఫర్ రూట్ డివైస్ అన్న వాక్యం పదే పదే పడుతూ ఉంటుంది. కెర్నెల్ లేచింది, డ్రైవర్లు లేచాయి, ఇక తన మిగతా వ్యవస్థ ఉన్న డిస్కును వెతుక్కుంటోంది. ఇప్పుడు ఆ డిస్కు పెన్‌డ్రైవే. ఓపెన్‌కోర్‌కు కనిపించిన పెన్‌డ్రైవ్ కెర్నెల్‌కు ఎందుకు కనిపించదని చాలామందికి సందేహం వస్తుంది. ఓపెన్‌కోర్ దాన్ని ఫర్మ్‌వేర్ కళ్లతో చూసింది. కెర్నెల్ తన సొంత యూఎస్‌బీ డ్రైవరుతో చూడాలి. ఆ డ్రైవరు ఒక్కో కంట్రోలర్‌కు 15 పోర్టులే ఒప్పుకుంటుంది. జడ్390 చిప్‌సెట్‌లో యూఎస్‌బీ 2 పోర్టులు 14, యూఎస్‌బీ 3 పోర్టులు 10 వరకు ఉంటాయి. క్యాబినెట్ మీద కనిపించే నీలం రంగు సాకెట్ ఒకటే అయినా లెక్కలో రెండు: నెమ్మది వేగానికి ఒకటి, అధిక వేగానికి ఒకటి. వరుసలో నెమ్మది పోర్టులు ముందు వస్తాయి కాబట్టి 15 దాటగానే తెగిపడేవి అధిక వేగం పోర్టులే. నీలం సాకెట్‌లో పెట్టిన యూఎస్‌బీ 3 పెన్‌డ్రైవ్ సరిగ్గా అక్కడే చిక్కుకుంటుంది.

ఇదివరకు ఎక్స్‌హెచ్‌సీఐపోర్ట్‌లిమిట్ అనే ఏర్పాటుతో ఆ పరిమితిని ఎత్తేసేవారు. బిగ్ సర్ 11.3 నుంచి అది నమ్మకంగా పనిచేయదు, కాబట్టి పాత సలహాలు చూసి దాన్ని ఆన్ చేయడం వల్ల ప్రయోజనం లేదు. తాత్కాలికంగా పని జరగాలంటే యూఎస్‌బీ 2 పెన్‌డ్రైవ్‌ను గానీ, నల్లరంగు యూఎస్‌బీ 2 సాకెట్‌ను గానీ వాడుకోవచ్చు. నేను శాశ్వత పరిష్కారాన్నే ముందు చేసుకున్నాను. యూఎస్‌బీ టూల్‌బాక్స్ అనే పనిముట్టు విండోస్‌లో నడుస్తుంది. ఒక యూఎస్‌బీ 2 పరికరాన్ని, ఒక యూఎస్‌బీ 3 పరికరాన్ని ప్రతి సాకెట్‌లో పెట్టి తీస్తే ఏ సాకెట్‌కు ఏ సంఖ్య ఉందో పట్టిక తయారవుతుంది. వాటిలో నేను నిజంగా వాడే 15ను మాత్రం ఉంచి, వేటినీ కలపని లోపలి హెడర్లను తీసేసి, ఆ పటాన్ని కెక్స్ట్‌గా ఎగుమతి చేశాను. బ్లూటూత్ కార్డు లోపలి హెడర్‌కు ఉంటే దాని రకాన్ని ఇంటర్నల్ అని, అంటే 255 అని, గుర్తించాలి. నిద్రాణస్థితి నుంచి మిషన్ సరిగ్గా లేవాలన్నా ఈ పటం కచ్చితంగా ఉండాలి, కాబట్టి ఇక్కడ పెట్టిన శ్రమ ఇన్‌స్టలేషన్‌తో ముగిసిపోదు.

ఇక తెర వెలగడమే మిగిలింది. ఐఓకన్సోల్‌యూజర్స్ అనే వాక్యం దగ్గరికి వచ్చి తెర పూర్తిగా నల్లబడింది. మానిటర్ సిగ్నల్ లేదని చెప్పింది. కీబోర్డులో క్యాప్స్‌లాక్ దీపం మాత్రం నొక్కినప్పుడల్లా వెలిగి ఆరుతోంది. అంటే కెర్నెల్ బతికే ఉంది, బొమ్మ మాత్రమే బయటికి రావడం లేదు. ఏఎండీ 5000, 6000 వరుసల నావి కార్డులతో ఇది జగమెరిగిన సంగతి. యాపిల్ గ్రాఫిక్స్ విధాన డ్రైవరు మిషన్ గుర్తింపును చూసి, ఆ మోడల్‌కు తగిన ఏర్పాటు కోసం ప్రయత్నించి తెరను కోల్పోతుంది. వాటెవర్‌గ్రీన్ కెక్స్ట్ ఉండగా బూట్ ఆర్గ్యుమెంట్లలో ఏజీడీపీమాడ్=పికేరా అని చేర్చితే ఆ పరీక్ష తొలగుతుంది. ప్రాసెసర్‌లోని యూహెచ్‌డీ 630 గ్రాఫిక్స్‌ను బొమ్మ చూపడానికి కాక లెక్కలకు మాత్రమే వాడుకునే విధంగా అమర్చాను. తర్వాతి బూట్‌లో భాషల జాబితా ఉన్న రికవరీ తెర వచ్చింది.

ఇన్‌స్టలేషన్ గురించి చెప్పవలసినది తక్కువ. డిస్క్ యుటిలిటీలో వ్యూ మెనూలోంచి షో ఆల్ డివైసెస్ ఎంచుకుంటేనే ఎస్ఎస్‌డీ పూర్తిగా కనిపిస్తుంది; దాన్ని జీయూఐడీ పార్టిషన్ మ్యాప్‌తో ఏపీఎఫ్ఎస్‌గా చెరపాలి. ఇది పెన్‌డ్రైవ్‌లో ఉన్న చిన్న రికవరీ మాత్రమే కనుక అసలు వ్యవస్థ, 12 జీబీకి పైగా, ఇంటర్నెట్ నుంచి దిగాలి. ఇంటెల్ ఐ219-వీ ఈథర్‌నెట్‌కు ఇంటెల్‌మౌసీ కెక్స్ట్ చాలు. వైఫైని ఈ దశలో నమ్ముకోకపోవడం మంచిది. మధ్యలో మిషన్ మళ్లీ మళ్లీ రీస్టార్ట్ అవుతుంది. ప్రతిసారీ ఓపెన్‌కోర్ మెనూలో రికవరీని కాక, కొత్తగా వచ్చిన మాక్‌ఓఎస్ ఇన్‌స్టాలర్ అనే పేరును, అది కనుమరుగయ్యాక మన ఎస్ఎస్‌డీ పేరును ఎంచుకోవాలి. ఈ సంగతి తెలియక ఇన్‌స్టలేషన్ మొదటికి వచ్చిందని భయపడి అంతా చెరిపేసినవారు నాకు తెలుసు.

డెస్క్‌టాప్ వచ్చాక పెన్‌డ్రైవ్‌లోని ఈఎఫ్ఐ ఫోల్డర్‌ను ఎస్ఎస్‌డీలోని ఈఎఫ్ఐ విభాగంలోకి చేర్చాను. ఆపైన కొంతకాలం డీబగ్ రూపంలోనే నడిపించి, లాగ్‌లలో అనుమానించదగినదేదీ లేదని తేలాక ఓపెన్‌కోర్ రిలీజ్ రూపానికి మార్చి, టార్గెట్ విలువను 3కు తగ్గించి, మైనస్ వీ తీసేశాను. మిషన్ క్రమసంఖ్యలను జెన్‌ఎస్ఎంబయోస్ అనే పనిముట్టుతో కొత్తగా సృష్టించుకుని, యాపిల్ వారంటీ పేజీలో ఆ సంఖ్య ఎవరి మిషన్‌దీ కాదని సరిచూసుకున్నాకే యాపిల్ ఖాతాతో లాగిన్ అయ్యాను. మరొకరి నిజమైన మిషన్ సంఖ్యను వాడటం వారికి ఇబ్బంది కలిగించే పని.

ఆ తర్వాత బూట్‌కు సంబంధించి రెండు సందర్భాలు వచ్చాయి. ఓపెన్‌కోర్ కొత్త వెర్షన్ పెట్టినప్పుడు, కాన్ఫిగ్.ప్లిస్ట్‌లోని కొన్ని పాత పేర్లు ఇప్పుడు చెల్లవని చెబుతూ నో స్కీమా ఫర్ అనే మాటలున్న వాక్యాలు తెర మీదకు వచ్చాయి. ఓపెన్‌కోర్‌తో పాటే వచ్చే ఓసీవ్యాలిడేట్ అనే పనిముట్టుతో ఫైలును ముందుగానే పరీక్షిస్తే రీస్టార్ట్ చేయకుండానే ఇవన్నీ బయటపడతాయి. వెర్షన్ మార్చిన ప్రతిసారీ ఇప్పుడు అదే చేస్తున్నాను. రెండోది మదర్‌బోర్డు బయోస్ అప్‌డేట్. అప్‌డేట్‌తో సెట్టింగులన్నీ మొదటి స్థితికి వెళ్లి, సీఎస్ఎం తిరిగి ఆన్ అయి, ఎబవ్ 4జీ డీకోడింగ్ ఆఫ్ అయి, బూట్ మళ్లీ పీసీఐ ప్రాంతంలో ఆగింది. బయోస్ మారితే డీఎస్‌డీటీ కూడా మారవచ్చు కాబట్టి సెట్టింగులు సరిచేయడంతో ఆగకుండా పట్టికను కొత్తగా తీసి, ఎస్ఎస్‌డీటీలలోని పేర్లు ఇంకా సరిపోలుతున్నాయో లేదో చూశాను. సరిపోలాయి.

2020లో సొంత చిప్‌లకు మారుతున్నట్టు ప్రకటించిన యాపిల్, 2025లో వచ్చిన టాహో ఇంటెల్ మాక్‌లకు ఆఖరి వెర్షన్ అని చెప్పింది. ఆ టాహో జాబితాలో 2019 నాటి ఐమాక్ లేదు. ఐమాక్19,1 గుర్తింపుతో నేరుగా వెళ్లగలిగేది 2024 నాటి సెకోయా వరకే. నా ఫాంట్ల పరీక్షకు సెకోయాలోని కోర్‌టెక్స్ట్ కూడా కావాలి కనుక, ఇదే ఎస్ఎస్‌డీలో రెండో ఏపీఎఫ్ఎస్ వాల్యూమ్ చేసి, సోనోమాను ముట్టుకోకుండా సెకోయాను పక్కన ఎక్కించాను. అదే ఈఎఫ్ఐ ఫోల్డర్, అవే ఎస్ఎస్‌డీటీలు, అదే యూఎస్‌బీ పటం దానికీ సరిపోయాయి. లిలూ, వాటెవర్‌గ్రీన్, వర్చువల్‌ఎస్ఎంసీ కెక్స్ట్‌లను మాత్రం ముందుగా తాజా వెర్షన్లకు మార్చుకున్నాను.